గట్టు దాటే ప్రయోజనం: పర్యావరణ హిత సేద్య పద్ధతుల సామాజిక విలువ

ఒక సేద్య పద్ధతి మంచిదో కాదో తేల్చడానికి వ్యవసాయ పరిశోధనలో స్థిరపడిన కొలమానాలు ప్రధానంగా రెండు. మొదటిది ఎకరా దిగుబడి. రెండవది లాభవ్యయ నిష్పత్తి. ప్రదర్శన క్షేత్రంలో నాటిన బోర్డు మీద, విద్యార్థి సిద్ధాంత వ్యాసంలోని చివరి పట్టికలో, రైతులకు పంచే కరపత్రంలో కనిపించేవి ఇవే. రైతుకు ఇవి రెండూ అవసరమే. వీటిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఈ రెండు లెక్కలూ పొలం గట్టు దగ్గరే ఆగిపోతాయి. గట్టుకు అవతల పొరుగు రైతు బోరులో నీరు ఎంత మిగిలింది, ఊరి బావిలో నైట్రేట్ ఎంత చేరింది, మందు పిచికారీ చేసిన కూలీ ఆరోగ్యం ఏమైంది, వాతావరణంలోకి ఎంత వాయువు వెలువడింది అన్న సంగతులు వీటిలోకి రావు.

పర్యావరణ హిత సేద్య పద్ధతులుగా వ్యవహరించే వాటిలో చాలావాటి ప్రయోజనం అధికంగా ఈ గట్టుకు అవతలనే ఉంది. శ్రమ, నష్టభయం, కొత్తగా నేర్చుకోవలసిన భారం మాత్రం గట్టుకు లోపల ఉన్న రైతు మీద పడతాయి. ఈ అసమతుల్యతను గుర్తించకుండా ప్రతి పద్ధతినీ "ఇది పాటిస్తే మీకు లాభం" అన్న ఒక్క మాటతో ప్రచారం చేయడం వల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. ఆ లాభం కంటికి కనిపించనప్పుడు రైతు పద్ధతిని విడిచిపెడతాడు. ఆ మీదట విస్తరణ శాస్త్రవేత్త చెప్పే తరువాతి మాటను కూడా నమ్మడు. ఏ పద్ధతి ప్రయోజనం ఎవరికి చేరుతోంది, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని విడదీసి చూడడం అందుకే అవసరం.

ఆరుతడి వరి: ఆదా అయినది ఎవరి ఖాతాలో?

ఈ విభజనను స్పష్టంగా చూపే ఉదాహరణ వరిలో ఆరుతడి పద్ధతి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన విధానం ప్రకారం పొలంలో రంధ్రాలున్న ఒక గొట్టాన్ని పాతి, అందులో నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగే వరకు తడి ఇవ్వరు. ఆ తరువాత 5 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు పెడతారు. నాట్లు వేసిన తొలి రెండు వారాలు కలుపును అదుపులో ఉంచేందుకు, పూత దశలో పైరు బెట్టకు గురి కాకుండా ఉండేందుకు పలుచగా నీరు నిలుపుతారు. ఈ హద్దులు పాటిస్తే దిగుబడి తగ్గదని అనేక దేశాల్లో జరిగిన ప్రయోగాలు నిరూపించాయి.

ఒక ఎకరాలో 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు. పంటకాలంలో ఇటువంటి తడులు 5 తగ్గాయనుకుంటే పంపు తోడవలసిన నీరు 10 లక్షల లీటర్లు తగ్గుతుంది. ఈ నీటిని 50 మీటర్ల లోతు నుంచి, 40 శాతం సామర్థ్యంతో పనిచేసే పంపుసెట్టుతో పైకి తేవడానికి దాదాపు 340 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఎకరాకు 340 యూనిట్లు చిన్న ఆదా కాదు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది; ఆ విధానం నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో కొనసాగుతోంది. కనుక ఈ ఆదా రైతు చేతికి ఒక్క రూపాయిగా కూడా మారదు. విద్యుత్ పంపిణీ సంస్థకు, దానికి రాయితీ చెల్లించే ప్రభుత్వానికి చేరుతుంది. కాలువ కింద నీటి తీరువా ఉన్నచోట కూడా దానిని ఎకరానికి ఇంత అని విధిస్తారే తప్ప వాడిన నీటి పరిమాణాన్ని బట్టి కాదు. అక్కడ కూడా నీటిని పొదుపు చేసిన రైతూ, చేయని రైతూ ఒకే మొత్తం చెల్లిస్తారు.

భూగర్భజలం విషయం మరింత జటిలమైనది. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ అధిక భాగం గ్రానైటు, నైసు వంటి కఠిన శిలల ప్రాంతం. నీరు శిథిల శిలాపొరలోనూ, పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. ఒక రైతు తోడకుండా ఉంచిన నీరు అతని పేరు మీద జమ కాదు. పక్క బోరు దాన్ని తోడుకుంటుంది. ఆటో స్టార్టర్లు బిగించి, కరెంటు వచ్చిన ప్రతి క్షణం పంపు నడవనివ్వడాన్ని అజ్ఞానమనలేము. తాను ఆపినా పక్కవాడు ఆపడన్న లెక్కలో అది సహేతుకమైన ప్రవర్తనే.

శాస్త్రీయ నిజాయితీ కోసం మరో సంగతి చెప్పుకోవాలి. తోడిన నీరంతా నష్టం కాదు. మడిలోంచి ఇంకిన నీటిలో కొంత భాగం మళ్ళీ భూగర్భంలోకే చేరుతుంది. కనుక పంపింగులో తగ్గిన ప్రతి లీటరునూ జలాశయంలో మిగిలిన లీటరుగా లెక్కించరాదు. నిజంగా మిగిలేవి ఆవిరి కాకుండా ఆగిన నీరు, తోడడానికి ఖర్చు కాని విద్యుత్తు. దీనికి తోడు మూడవ ప్రయోజనం మీథేన్ తగ్గుదల. నీరు నిలిచిన మడిలో ప్రాణవాయువు అందని స్థితిలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టి మీథేన్‌ను విడుదల చేస్తాయి. నిరంతరం నీరు నిలిపిన పొలంతో పోలిస్తే పలుమార్లు ఆరబెట్టిన పొలంలో ఈ ఉద్గారం సుమారు సగానికి తగ్గుతుందని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం ఇచ్చిన గుణకాలు సూచిస్తున్నాయి. వందేళ్ళ కాలానికి లెక్కిస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు అధికంగా వేడిని నిలుపుతుంది. పొలం ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. నత్రజనిని అతిగా వాడని పొలాల్లో నికర ఫలితం మాత్రం తగ్గుదలగానే ఉంటుంది.

ఇన్ని ప్రయోజనాలలో రైతు ఇంటికి వచ్చేది స్వల్పం. వచ్చే భారం మాత్రం స్పష్టమైనది. నీరు నిలవకపోతే కలుపు పెరుగుతుంది. కలుపు కూలీ ఖర్చు పెరుగుతుంది. కాలువ చివరి భూముల్లో ఒకసారి ఆరబెడితే మళ్ళీ నీరు సమయానికి వస్తుందన్న భరోసా లేదు. ఆరుతడి పద్ధతి ప్రదర్శన క్షేత్రాల హద్దు దాటి విస్తరించకపోవడానికి కారణాన్ని రైతు వైఖరిలో కంటే ఈ లెక్కలో వెతకడం ఉచితం.

గడ్డి, యూరియా: చెల్లించని ఖర్చు

కోత యంత్రాలు వచ్చిన తరువాత వరి గడ్డిని పొలంలోనే తగలబెట్టడం తెలుగు ప్రాంతాల్లోనూ పెరిగింది. ఒక టన్ను వరి గడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాష్ మూలకం ఉంటాయి. కాల్చినప్పుడు నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోతుంది. భాస్వరంలో సుమారు నాలుగో వంతు, పొటాషియంలో అయిదో వంతు నష్టమవుతాయి. ఈ పోషక నష్టం రైతుది. పొగ వల్ల కలిగే నష్టం ఊరందరిది. అయినా యాసంగి నాట్లకు గడువు తక్కువగా ఉన్నప్పుడు అగ్గిపుల్ల కంటే చవకైన సాధనం రైతుకు కనిపించదు.

గడ్డిని నేలలో కలిపితే సమస్య తీరిపోతుందనుకోవడమూ సరికాదు. నీరు పెట్టడానికి కొద్దిరోజుల ముందు పచ్చిగా కలియదున్నిన గడ్డి మీథేన్‌ను బాగా పెంచుతుంది. అదే గడ్డిని నీరు పెట్టడానికి 30 రోజులకు పైగా ముందే కలియదున్ని, గాలి తగిలే స్థితిలో చివకనిస్తే ఆ ఉద్గారం ఎంతో తగ్గుతుంది. పద్ధతి పేరు కన్నా దాని సమయమే ఇక్కడ నిర్ణాయకం. "గడ్డి కాల్చవద్దు" అన్న నినాదానికి, "ఎప్పుడు, ఎలా కలపాలి" అన్న సిఫారసుకు మధ్య ఉన్న దూరం ఇదే.

నత్రజని లెక్క కూడా ఇటువంటిదే. నీరు నిలిచిన వరిలో వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతం. మిగిలినది అమోనియాగా గాలిలోకో, నైట్రేట్‌గా నీటిలోకో, వాయురూపంలో వాతావరణంలోకో పోతుంది. కొంత నేలలో నిలుస్తుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఆరుతడి పైర్ల నేలల్లో వేసిన నత్రజనిలో సుమారు 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో వెలువడుతుందన్న సాధారణ అంచనాను తీసుకుంటే, 100 కిలోల నత్రజని నుంచి సుమారు 1.57 కిలోల ఆ వాయువు పుడుతుంది. దాని తాపశక్తి బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు కనుక, అది దాదాపు 430 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం.

45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించే ధర 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వం రాయితీగా భరిస్తోంది. అవసరానికి మించిన బస్తా పొలంలో పడినప్పుడు సమాజం దానికి రెండుసార్లు చెల్లిస్తోంది: ఒకసారి రాయితీగా, మరోసారి కలుషిత నీరుగా, వేడెక్కిన వాతావరణంగా. దీనికి భిన్నంగా జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లు వేసిన రైతుకు విత్తనంపై లభించే రాయితీ తప్ప, అతడు తగ్గించిన యూరియాకు ప్రతిఫలంగా వచ్చేది ఏమీ లేదు.

పత్తి నేర్పిన పాఠం

ఉమ్మడి ప్రయోజనం వ్యక్తుల ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో పత్తి చరిత్ర స్పష్టంగా చూపుతోంది. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించినప్పుడు, బీటీ పత్తి చుట్టూ 5 వరుసలు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మేర బీటీయేతర పత్తి వేయాలన్న నిబంధన విధించారు. 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల బీటీయేతర విత్తనం ఇచ్చారు. ఆ ఆశ్రయ పైరులో పెరిగిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకట్టి నిరోధకతను పలుచన చేయాలన్నది దాని వెనుక ఉన్న శాస్త్రం.

శాస్త్రం సరైనదే. కానీ ఆశ్రయ పైరు వేసిన రైతు తన పొలంలో కొంత భాగాన్ని పురుగుకు అప్పగించాలి. దాని ఫలితంగా బీటీ సామర్థ్యం నిలిచే ప్రయోజనం మాత్రం ప్రాంతంలోని రైతులందరిదీ. తాను వేయకపోయినా పక్కవారు వేస్తే చాలని ప్రతి రైతూ భావించడం సహజం. ఆ 120 గ్రాముల ప్యాకెట్టు చాలాచోట్ల గట్టు మీదే మిగిలిపోయింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తిని సైతం గులాబీ రంగు పురుగు కొద్ది ఏళ్ళలోనే తట్టుకోగలిగింది. పంటకాలాన్ని పొడిగించడం, అనేక సంకరాలు ఒకే ప్రాంతంలో వేర్వేరు సమయాల్లో పూతకు రావడం కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ఆ తరువాత విత్తన సంచిలోనే బీటీయేతర గింజలను కలిపి అమ్మే విధానానికి మారవలసి వచ్చింది. ఉమ్మడి ప్రయోజనాన్ని రైతు విడివిడిగా కాపాడతాడన్న అంచనా తప్పిందని ఆ మార్పే సాక్ష్యం.

ఊరు కలిసి నడిచినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణలు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆముదం, వేరుశనగలను నాశనం చేసే ఎర్ర గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగులు తొలకరి వర్షాలకు నేలలోని కోశాల నుంచి ఒక్కసారిగా బయటకు వస్తాయి. ఆ కొద్ది రాత్రుల్లో ఊరంతా ఒకేసారి పొలాల్లో మంటలు వేస్తే అవి ఆకర్షితమై నశిస్తాయి. ఒకే రైతు మంట వేస్తే చుట్టుపక్కల పురుగులను తన చేను వైపు పిలుచుకున్నట్టే. పద్ధతి అదే, కలిసి చేస్తే రక్షణ, ఒంటరిగా చేస్తే ముప్పు.

నాటి ఖమ్మం జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామం మరో ఉదాహరణ. పత్తిపై పురుగుమందుల ఖర్చుతో అప్పుల పాలైన ఆ గ్రామ రైతులు స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, పక్షి స్థావరాల వంటి వాటిని ఆశ్రయించారు. కొద్దిమందితో మొదలై, ఊరి మహిళా సంఘాల ప్రోద్బలంతో గ్రామమంతటికీ పాకింది. చివరకు పంచాయతీ స్థాయిలో పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నారు. ఈ అనుభవం నుంచి రూపుదిద్దుకున్న పురుగుమందులు లేని సస్యరక్షణ స్వయం సహాయక సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించింది. 2015–16 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఈ సంఘాల పునాది మీదే నిలిచింది. మిత్ర పురుగులకు గట్లు అడ్డురావు. పక్క చేనులో మందు కొట్టినంతకాలం ఒక చేనులో వాటిని కాపాడడం కష్టం. ఊరిని ఒక యూనిట్‌గా తీసుకోవడమే ఈ కార్యక్రమాల బలం.

పురుగుమందు లెక్కలో మనిషి ప్రాణం కూడా ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిపై మందులు పిచికారీ చేస్తూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న ప్రాంతమది. నేల, పైరు, పురుగు అన్నీ ఒకటే. లాభవ్యయ నిష్పత్తిలో మందు ధర ఉంటుంది, పిచికారీ కూలీ ఉంటుంది. ఆసుపత్రి ఖర్చు, కోల్పోయిన పనిదినాలు, ఆ కుటుంబం దిక్కులేనిది కావడం అందులో ఉండవు.

కౌలు రైతు సంగతి

నేల ఆరోగ్యాన్ని గురించిన సిఫారసులన్నీ ఒక విషయాన్ని నిజమని భావించి సాగుతాయి: నేడు పెట్టుబడి పెట్టిన రైతే రేపు ఆ ఫలితాన్ని అనుభవిస్తాడని. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సాగుచేసే వారిలో పెద్ద భాగం కౌలుదారులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. నేలలో సేంద్రియ కర్బనం పెరగడానికి సంవత్సరాలు పడుతుంది. పచ్చిరొట్ట వేసి, గట్ల మీద కంది, ఆముదం నాటి, చెరువు మట్టి తోలిన కౌలు రైతుకు మరుసటి ఏడాది ఆ మడి దక్కుతుందన్న హామీ లేదు. నేల బాగుపడితే కౌలు పెరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇటువంటి రైతుకు నేల సంరక్షణ గురించి ఎన్ని శిక్షణలు ఇచ్చినా ఫలితం పరిమితమే. అతని చేతిలో లేనిది జ్ఞానం కాదు, కాలం. బహుళ వార్షిక కౌలు ఒప్పందాలు, సాగుదారుకే నేరుగా చేరే ప్రోత్సాహకాలు లేకుండా డెల్టా నేలల్లో దీర్ఘకాలిక పద్ధతులు నిలదొక్కుకోవడం కష్టం. సేద్య శాస్త్రం, భూమి హక్కులు ఒకే మడిలో కలిసే చోటు ఇది.

రెండు దేశాలు, రెండు దారులు

సమాజానికి మేలైన పద్ధతిని రైతుల చేత పాటింపజేయడంలో ప్రభుత్వాలు అనుసరించిన దారులను పోల్చిచూస్తే మరింత స్పష్టత వస్తుంది. ఇండోనేషియాలో పురుగుమందులపై భారీ రాయితీల కాలంలో సుడిదోమ పదేపదే విజృంభించింది. సాలీళ్ళు, మిరిడ్ నల్లులు వంటి సహజ శత్రువులను మందులు ముందుగా చంపడం వల్ల దోమ తిరిగి ఉధృతమవుతోందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1986లో ఆ దేశాధ్యక్షుని ఉత్తర్వు ద్వారా వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించారు. 1989 నాటికి మందులపై రాయితీని ఉపసంహరించారు. అంతటితో ఆగక, రైతు స్వయంగా పొలంలో పురుగులను గమనించి నిర్ణయం తీసుకునే శిక్షణకు పెట్టుబడి పెట్టారు. తెలుగు రాష్ట్రాల్లో "పొలంబడి" పేరుతో సాగిన కార్యక్రమానికి మూలం అక్కడ పుట్టిన ఈ శిక్షణ నమూనాయే.

శ్రీలంకలో 2021లో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిలిపివేశారు. ప్రత్యామ్నాయ పోషకాలు చాలినంత సిద్ధంగా లేవు. రైతుకు నేర్చుకునే వ్యవధి ఇవ్వలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, అదే ఏడాది నవంబరులో నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మొదటి దేశం హాని చేసేదానికి ఇచ్చే ప్రజాధనాన్ని ఆపి, ఆ తెలివిడిని రైతుకు అందించింది. రెండవ దేశం సమాజ హితం పేరుతో మొత్తం భారాన్ని ఒక్క రుతువులో రైతు నెత్తిన పెట్టింది. నష్టభయాన్ని ఎవరు భరించారన్న విషయంలోనే ఈ రెండు దారులు వేరుపడ్డాయి.

మూడు రకాల పద్ధతులు, మూడు రకాల విస్తరణ

పై ఉదాహరణలన్నీ కలిపి చూస్తే పర్యావరణ హిత పద్ధతులను మూడు తరగతులుగా విభజించవచ్చు. ఒక్కొక్క తరగతికి విస్తరణ విధానం వేరుగా ఉండాలి.

మొదటి తరగతిలో రైతు లాభమూ సమాజ లాభమూ ఒకేచోట కలిసే పద్ధతులు వస్తాయి. విత్తనశుద్ధి, భూసార పరీక్షను అనుసరించి ఎరువులు వేయడం, నత్రజనిని దఫాలుగా వేయడం, వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి సుడిదోమను అదుపు చేయడం, అనవసరపు పిచికారీలు మానడం ఇటువంటివి. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ కార్యక్రమంలో పూడిక తవ్వకం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే, తోలకం ఖర్చును రైతులు సొంతంగా భరించారు. పూడిక మట్టి తమ చేలకు సారాన్ని ఇస్తుందని వారికి తెలుసు. చెరువు లోతు పెరగడం ఊరికి దక్కిన ప్రయోజనం. ఇటువంటి పద్ధతులకు సరైన సమాచారం, చక్కని ప్రదర్శన చాలు.

రెండవ తరగతి ఊరు కలిస్తేనే ఫలించే పద్ధతులది. ఎర్ర గొంగళి పురుగుకు సామూహిక మంటలు, గులాబీ రంగు పురుగును అరికట్టేందుకు డిసెంబరు చివరికల్లా పత్తిని ముగించడం, పురుగుమందులు లేని సస్యరక్షణ, భూగర్భజల వినియోగం ఈ కోవలోనివి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు పీడిత జిల్లాల్లో 2003 నుంచి 2010 వరకు అమలైన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం ఇందుకు చక్కని నమూనా. అక్కడ రైతులే వర్షపాతాన్ని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరందరి ఎదుట నీటి బడ్జెట్ వేసేవారు. ఎవరిపైనా ఆంక్ష లేదు. కానీ ఊరి నీరు ఎంతో అందరికీ తెలిసిన తరువాత ఏ పైరు వేయాలన్నది ఉమ్మడి విజ్ఞతతో కూడిన నిర్ణయంగా మారింది. ఈ తరగతి పద్ధతులను ఒక్కొక్క రైతుకు విడివిడిగా బోధించడం వృథా. ఇక్కడ ప్రదర్శన క్షేత్రం ఒక ఎకరా కాదు, ఒక గ్రామం.

మూడవ తరగతిలో ప్రయోజనం దాదాపు పూర్తిగా సమాజానిదే. ఆరుతడి వరిలో మీథేన్ తగ్గింపు, ఉచిత విద్యుత్తు కింద నీటి పొదుపు, గడ్డిని కాల్చకపోవడం, సేంద్రియ సాగుకు మారే తొలి ఏళ్ళలో దిగుబడి తగ్గుదల భరించడం ఈ తరగతికి చెందుతాయి. ఇక్కడ ప్రతిఫలం చెల్లించకుండా ఫలితాన్ని ఆశించడం న్యాయం కాదు. పంజాబ్‌లో 2018లో ప్రారంభమైన "పానీ బచావో, పైసే కమావో" పథకంలో నిర్ణీత కోటా కంటే తక్కువగా వాడిన ప్రతి విద్యుత్ యూనిట్‌కు రైతుకు 4 రూపాయలు చెల్లిస్తారు. పైన లెక్కించిన 340 యూనిట్లకు ఆ ధర వర్తింపజేస్తే ఎకరాకు 1,360 రూపాయలు. పెరిగిన కలుపు ఖర్చులో కొంత భాగానికైనా అది ఆసరా అవుతుంది. ఉచిత విద్యుత్తును రద్దు చేయకుండానే పొదుపుకు విలువ కట్టవచ్చని ఈ పథకం సూచిస్తోంది. కేంద్ర ప్రభుత్వపు పరంపరాగత్ కృషి వికాస్ యోజనలో సేంద్రియ సాగుకు 3 ఏళ్ళకు హెక్టారుకు ఇచ్చే 31,500 రూపాయలలో నేరుగా రైతుకు చేరేది 15,000 రూపాయలు. అంటే ఎకరాకు ఏడాదికి సుమారు 2,000 రూపాయలు. మార్పిడి కాలపు నష్టభయానికి, అదనపు శ్రమకు ఈ మొత్తం సరిపోతుందా అన్నది ప్రతి జిల్లాలోనూ పరీక్షించి తేల్చవలసిన ప్రశ్న.

పరిశోధకులు, విస్తరణ సిబ్బంది చేయదగినది

విలువ కట్టాలంటే ముందు కొలవాలి. ప్రతి క్షేత్ర ప్రయోగంలో దిగుబడి, లాభవ్యయ నిష్పత్తి పక్కన మరికొన్ని అంశాలను నమోదు చేయడానికి భారీ పరికరాలేమీ అవసరం లేదు. ఇచ్చిన తడుల సంఖ్య, నీటి లోతు. పంపు నడిచిన గంటలు, విద్యుత్ యూనిట్లు. పిచికారీల సంఖ్య, వాడిన మందుల విషతీవ్రతను తెలిపే త్రికోణపు రంగు. దుబ్బుకు సాలీళ్ళు, మిరిడ్ నల్లుల వంటి మిత్ర పురుగుల సంఖ్య. పంటకు ముందు, తరువాత సమీప బావి నీటిలో నైట్రేట్. పురుషులు, స్త్రీలు పెట్టిన పని గంటలు విడివిడిగా. చివరిది ముఖ్యమైనది. కలుపు తీత, కషాయాల తయారీ వంటి అదనపు శ్రమ ఎక్కువగా మహిళల మీద పడుతుంది. దానిని లెక్కలోకి తీసుకోని పద్ధతి పర్యావరణ హితమైనా గృహ హితం కాకపోవచ్చు.

స్నాతకోత్తర విద్యార్థులకు ఈ రంగంలో సారవంతమైన పరిశోధనాంశాలు ఉన్నాయి. ఒకే వాగు పరీవాహకంలో కొన్ని గ్రామాలు ఒక పద్ధతిని పాటించి, కొన్ని పాటించనప్పుడు దిగువన నీటి నాణ్యత ఎలా మారుతోంది? కౌలు గడువుకు, పచ్చిరొట్ట విస్తీర్ణానికి సంబంధం ఎంత? ప్రోత్సాహకం నిలిచిపోయిన తరువాత ఎంతమంది పద్ధతిని కొనసాగిస్తున్నారు? ఈ ప్రశ్నలకు సేద్యశాస్త్ర విభాగం ఒక్కటే సమాధానం చెప్పలేదు. వ్యవసాయ ఆర్థిక శాస్త్రం, కీటక శాస్త్రం, విస్తరణ విద్య, గృహ విజ్ఞానం కలిసి పనిచేయాలి. మూడు నాలుగు పంటకాలాలకు మించి సాగే అధ్యయనాలు కూడా కావాలి. నేల తన సమాధానాన్ని రెండేళ్ళ సిద్ధాంత వ్యాసపు గడువులోపల చెప్పదు.

ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు ఇందులో తక్షణ కర్తవ్యం ఒకటి ఉంది. రైతుతో మాట్లాడేటప్పుడు పద్ధతి ఏ తరగతికి చెందినదో స్పష్టంగా చెప్పడం. మొదటి తరగతి అయితే "ఇది మీకు లాభం" అనవచ్చు. రెండవది అయితే "ఊరు కలిస్తేనే లాభం" అనాలి. మూడవది అయితే "ఇది సమాజానికి మేలు, దీనికి మీకు అందవలసిన సహాయం ఇది, ప్రస్తుతం అందుతున్నది ఇంత" అని నిజం చెప్పాలి. లేని లాభాన్ని ఉన్నట్టు చూపి ఒప్పించడం కంటే ఇది కష్టమైన పని. కానీ మరుసటి ఏడాది అదే ఊరికి తలెత్తుకుని వెళ్ళే వీలు కల్పించేది ఇదే.

ఆహార ధాన్యం పండించినందుకు రైతుకు మద్దతు ధర ఉంది. మిగిల్చిన నీటికి, శుభ్రంగా ఉంచిన గాలికి, బతకనిచ్చిన మిత్ర పురుగుకు ధర లేదు. ధర లేనిదానికి విలువ లేదని సమాజం భావిస్తే, కాలక్రమంలో అవి దొరకకుండా పోతాయి. వాటిని కొలిచి, ఎవరు పండించారో గుర్తించి, ఆ లెక్కను విధాన నిర్ణేతల ముందు పెట్టగల సామర్థ్యం వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఉంది. ఆ లెక్క గట్టు దాటి మొదలు కావాలి.